మీ దయవల్ల బాగున్నానండి

మా ఆయన మొదటిసారి చెరువు గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయిన సంగతి నాకు ఆయన చెప్పలేదు. చొక్కా చూసి నేనే కనిపెట్టాను. వీపంతా బురద, చేతులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. "జారానే, ఏం లేదు" అన్నారు. జారిన మనిషి చేతులు ఆనించకుండా పడతాడా? ముప్పయ్యేళ్ళుగా ఆయన బట్టలు ఉతుకుతున్నదాన్ని, బురద గురించి నాకు చెప్తారా!

మాది భీమవరానికి దగ్గర్లో ఒక పల్లె. ఉన్న పొలంలో రెండు రొయ్యల చెరువులు తవ్వించుకున్నాం. ఆయన రోజూ తెల్లారగానే గట్టు మీద నడిచి చెరువులు చూసుకుని, మేత వేయించి, మకాంలో కూర్చుంటారు. మకాం అంటే పెద్దదేం కాదు, గట్టు చివర ఒక రేకుల గది, అందులో ఒక మంచం, ఒక ఫ్యాను. పదకొండింటికి నేను క్యారేజీ పట్టుకెళ్ళడం, ఆయన తింటూంటే నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరగడం చూస్తూ కూర్చోవడం, చెరువులు తవ్వించిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. గట్టు సన్నం. నీళ్ళు మగవాడి ఛాతీ దాకా ఉంటాయి. ఈత వచ్చినవాడికి అదేం లోతు కాదు. స్పృహ లేనివాడికి మాత్రం చాలు.

ఆ బురద చొక్కా మర్నాడే, "రేపణ్ణించి నువ్వు చెరువు దగ్గరికి రావొద్దు, నేనే ఇంటికొచ్చి తింటాను" అన్నారు. ఎందుకని అడిగితే ఎండ అన్నారు. నాకు ఎండ కొత్తా? నా మొహం చూసి చూసి విసుగొచ్చి ఉంటుందనుకున్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చాక తొందరగా పోదు. పదిహేను రోజులు ముద్దపప్పులో నెయ్యి వెయ్యలేదు. ఆయన నెయ్యేదని అడగలేదు. అడగనందుకు నాకు ఇంకా మండింది.

రెండోసారి పడ్డప్పుడు పక్క చెరువు రైతు చూశారు. ఆయనే పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి, "ఇంకో మూరెడు ఇటు పడుంటే నీళ్ళలోకేనండి, అక్కయ్య గారూ" అని నాకు చెప్పి వెళ్ళారు. నా కోపం ఎటుపోయిందో తెలియలేదు. మంచి డాక్టరుకి చూపించాలి, ఇంకే పనీ వద్దు అనుకున్నాను.

మంచి డాక్టరు అని అనుకోవడం తేలికే. మా వైపు డాక్టర్ని వెతకడానికీ పెళ్ళికొడుకుని వెతకడానికీ పెద్ద తేడా ఉండదు. భీమవరంలో మా పెద్దాడపడుచు గారింట్లో ఆదివారం భోజనాలయ్యాక అందరం చాప మీద కూర్చున్నాం. డాక్టర్లు ఏం చదివారని ఒక్కరూ అడగలేదు. ఏ ఊరివారు, ఎవరి అల్లుడు, హస్తవాసి ఎలాంటిది, ఇవే ప్రశ్నలు. ఒకాయన మంచివాడేనట కానీ నవ్వడట. రోగి ముందు నవ్వనివాడు డాక్టరేంటని ఆయన్ని పక్కన పెట్టారు. ఇంకొకాయన నవ్వుతాడట, అయితే రెండే రెండు మందులు రాస్తాడట.

"అంటే జబ్బు తెలియలేదన్నమాటేగా" అన్నారు మా ఆడపడుచు గారు.

మూడో ఆయన రాజమహేంద్రవరంలో పెద్ద డాక్టరు. ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూడగానే ఆడపడుచు గారి తోడికోడలి మేనత్తకి సగం జ్వరం దిగిపోయిందట. ఇంక ఆయనే ఖాయం అన్నారు.

"ఆ మేనత్త గారు ఇప్పుడెలా ఉన్నారండి?" అని అడిగాను.

"పోయారనుకో. కానీ అది వేరే డాక్టరు చేతిలోలే."

భీమవరంలో మాత్రం ఆస్పత్రులకేం కొదవ? కానీ అక్కడ కూర్చుంటే మన ముందు మేత డీలరు గారు, మన వెనక ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు. మనం ఓపీ చీటీ రాయించుకునేలోపు మన జబ్బు మనకంటే ముందు ఊరు చేరిపోతుంది. అందుకని మా ఆయన కూడా రాజమండ్రికే సరేనన్నారు. ఆయన అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నారో నేను అప్పుడే ఆలోచించాల్సింది.

ఆస్పత్రి అయిదంతస్తులు. గుమ్మంలో బోర్డు మీద పదకొండు మంది డాక్టర్ల పేర్లు. కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదగా, "పెద్ద డాక్టరు గారు ఆపరేషన్లలో ఉన్నారండి, ఇంకో డాక్టరు గారు చూస్తారండి" అంది.

"మేం ఆయన కోసమే అంత దూరం నుంచి వచ్చామమ్మా."

"మా దగ్గర అందరూ ఒక టీమ్ అండి. ఎవరు చూసినా ఒకటేనండి. ఫైలు కూడా అందరికీ ఒకటేనండి."

అప్పుడు నాకు కొంచెం అర్థమైంది. ఇది ఉమ్మడి కాపురం. నేను అత్తవారింట్లో ఆరుగురు ఆడవాళ్ళ మధ్య చాలా ఏళ్ళు చేశాను కాబట్టి ఆ పద్ధతి తెలుసు. పొయ్యి మీద పాలు పెడితే ఎవరికి వారు ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. పాలు పొంగాక అందరూ ఒకేసారి పరిగెడతారు. ఆ రోజు ఈ మాట ఆ అమ్మాయితో అనబోయి ఊరుకున్నాను. తర్వాత ఎందుకు ఊరుకున్నానా అని బాధపడ్డాను.

మా ఆయన డాక్టరు గది బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని లోపలికి వెళ్ళారు. అక్కడ ఉన్న డాక్టరు మా పిల్లల వయసువాడు.

"ఎలా ఉన్నారండి?" అన్నాడు.

మా ఆయన రెండు చేతులూ జోడించి, "ఆయ్, మీ దయవల్ల బాగున్నానండి" అన్నారు.

ఆ డాక్టరు మమ్మల్ని చూడటం అదే మొదలు. దయ చూపించడానికి అతనికింకా టైమే దొరకలేదు.

నేను వెనక నుంచి, "కళ్ళు తిరిగి పడిపోతున్నారండి, రెండుసార్లు పడ్డారండి" అన్నాను.

"ఏదో ఎండకండి. ఈవిడకి కంగారెక్కువండి" అన్నారు మా ఆయన నవ్వుతూ.

డాక్టరు నన్నూ చూశాడు, ఆయన్నీ చూశాడు. రోగి ఆయనే కాబట్టి ఆయన మాటే నమ్మాడు. బీపీ చూస్తే ఎక్కువుంది. ఎందుకుండదు? ఆస్పత్రి వాసన తగిలితే చాలు, మా ఆయన గుండె మోటారులా కొట్టుకుంటుంది. ఒక బిళ్ళ రాసిచ్చాడు.

బయటికొచ్చాక, "అదేంటండీ, బాగున్నానంటారేంటి?" అని పట్టుకున్నాను.

"మరి అంత చదువుకున్నాయన అంత మర్యాదగా అడిగితే, మొహం మీద బాగోలేదని చెప్పమంటావా?" అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయి అన్నారు.

అలా నెలకోసారి వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు. చెవుల డాక్టరు తల తిరగడం చెవిలోంచి వస్తుందన్నారు. ఎముకల డాక్టరు మెడలోంచి అన్నారు. నరాల డాక్టరు ఇంకా ఏమీ అనలేను, స్కానింగ్ చూడాలి అన్నారు. స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. మా ఆయన తలలో ఏమీ లేదని ఫిల్ము పట్టుకుని చెప్తే నేనొక్కదాన్నే నవ్వాను. ఎవరి దగ్గరికెళ్ళినా మా ఆయన ముందు తన దయ పాట పాడేవారు. బీపీ మిషన్ ఎక్కువ చూపించేది. మనిషి బాగున్నానంటున్నాడు, మిషన్ బాగోలేదంటోంది, కాబట్టి ఇంకో బిళ్ళ రాసేవారు. ఒక్క ఫైల్లోనే అన్నీ రాసేవారు. నాకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో చదివాను. ప్రతి పేజీలో పేషెంట్ కంఫర్టబుల్, నో కంప్లయింట్స్ అనే ఉంది. ఆ ఫైలు చదివినవాళ్ళకి, ఇంత సుఖంగా ఉన్న మనిషి నెలనెలా కారు కట్టించుకుని ఎందుకొస్తున్నాడా అని అనుమానం రావాలి. ఎవరికీ రాలేదు.

పైగా ఖాళీ చేతులతో వెళ్ళడం మా ఇంటా వంటా లేదు. రావులపాలెం దగ్గర మెయిన్ రోడ్డు వదిలి ఆత్రేయపురం మీదుగా వెళ్ళి, ఒక పెట్టెడు పూతరేకులు కొని, బ్యారేజీ దాటి రాజమండ్రి చేరేవాళ్ళం. పెట్టె పెద్ద డాక్టరు గారి కోసం. ఆయన ఎప్పుడూ ఉండరు కాబట్టి ఆ రోజు ఎవరుంటే వాళ్ళకి ఇచ్చేవాళ్ళం. షుగరు డాక్టరు తీపి మానేయమని అరగంట చెప్పి, పెట్టె సొరుగులో పెట్టుకున్నారు. కొన్నాళ్ళకి నర్సులు కూడా మమ్మల్ని గుర్తుపట్టి, "పూతరేకుల పేషెంట్ గారొచ్చారు" అనేవారు. ఆ ఆస్పత్రిలో మా పూతరేకులు తినని డాక్టరు లేరు. మా జబ్బేంటో విన్న డాక్టరు కూడా లేరు.

బిళ్ళలు ఎక్కువైపోయి, ఒక ఖాళీ పూతరేకుల పెట్టెలో సర్దాను. అడుగున వేసిన తెల్ల కాగితం అలాగే ఉంచి, దాని మీద వరసగా పేర్చాను. ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా డాక్టర్లు అడుగుతారేమోనని అదీ సంచిలో వేసుకునేదాన్ని. ఎవరూ అడగలేదు. ఫైలుందిగా!

మూడోసారి గట్టుకి అవతలి పక్క, ఎండిపోయిన బోదె కాలవలో పడ్డారు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. ఇవతలి పక్కకి పడుంటే చెరువు. ఆ గాయానికి పసుపు పెడుతూ ఏడ్చాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "బాగానే ఉన్నానే" అన్నారు. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయింది.

"ఈసారి డాక్టరు ముందు బాగున్నానన్నారంటే, నేను గదిలోంచి లేచి తిన్నగా బస్టాండుకి వెళ్ళిపోతాను. మీ ఇష్టం" అన్నాను.

ఆయన భయపడ్డారు. కారులో దారి పొడుగునా అభ్యాసం చేయించాను. నేను డాక్టర్ని. "ఎలా ఉన్నారండి?" అంటాను. ఆయన "కళ్ళు తిరుగుతున్నాయండి" అనాలి. రావులపాలెం దాకా మూడుసార్లు తప్పారు. ఆత్రేయపురంలో పూతరేకులు కొని మళ్ళీ కారెక్కాక కాస్త గాడిలో పడ్డారు. బ్యారేజీ మీద వరసగా నాలుగుసార్లు తప్పులేకుండా చెప్పారు. డ్రైవరు కూడా మెచ్చుకున్నాడు.

పెద్ద డాక్టరు గారు ఆ రోజు కాన్ఫరెన్సుకి వెళ్ళారు. బోర్డు కింద కొత్తగా పన్నెండో పేరు కాగితం మీద రాసి అంటించారు. లోపల చిన్న వయసు డాక్టరమ్మ. ఆడ డాక్టర్ని చూడగానే మా ఆయన మొహం వాడిపోయింది.

"కూర్చోండి. ఎలా ఉన్నారండి?"

"మీ దయవల్ల బాగున్నానండి" అన్నారు.

నేను లేచాను. నిజంగానే లేచాను. సంచి కూడా భుజానికి తగిలించుకున్నాను. మా ఆయన కంగారుపడిపోయి, నన్ను ఆపడానికి ఏం చెయ్యాలో తోచక, "అదేంటే, అమ్మగారికి ఆ పెట్టె ఇవ్వకుండానే వెళ్తావా?" అన్నారు. నేను ఆ కోపంలో సంచిలో చెయ్యి పెట్టి, తగిలిన పెట్టె తీసి ఆవిడ బల్ల మీద పెట్టాను. చూడలేదు.

"వద్దండి, నేనివి తీసుకోనండి" అన్నారు డాక్టరమ్మ.

"కాదనకండి. మా ఇంట్లో రోజూ తినేవేనండి. నోట్లో వేసుకుంటే కరిగిపోతాయండి" అన్నారు మా ఆయన చేతులు జోడించి.

ఇంక తప్పదని ఆవిడ మూత తీశారు. లోపల రంగురంగుల బిళ్ళల షీట్లు.

"ఇవన్నీ మీరు రోజూ తింటున్నారా?" అన్నారు.

ఆవిడ పెట్టెలోంచి షీట్లన్నీ తీసి బల్ల మీద వేశారు. ఒక్కొక్క షీటూ ఫైల్లో ఏ పేజీలో ఉందో వెతికి పక్కన పెడుతూ వచ్చారు. రెండు షీట్లు ఎత్తి చూపించి, ఇవి రెండూ ఒకటే బీపీ మందు, కంపెనీలు వేరు, ఇద్దరు డాక్టర్లు రాశారు అన్నారు. మూడోది ఇంకో బీపీ మందు. చివరికి పెట్టె అడుగున తెల్ల కాగితం అంచు పైకి లేచి ఉండటం చూసి దాన్ని లాగారు. కింద ఇంకో షీటుంది. నేనెప్పుడూ చూడనిది.

"ఇది ఫైల్లో లేదు. ఎవరు రాశారండి?"

మా ఆయన ఫ్యాను వైపు చూశారు. తర్వాత నా వైపు చూసి, "నువ్వు కాస్త బయటికెళ్ళవే" అన్నారు.

"వెళ్ళను."

గోడకి చెప్తున్నట్టు, చాలా మెల్లగా చెప్పారు. రెండేళ్ళ నుంచి ఒంటేలు సరిగా రావడం లేదట. రాత్రి నాలుగైదుసార్లు లేవాల్సొచ్చేదట. నేను పడుకుంటే ఇల్లెత్తుకెళ్ళినా తెలియదు కాబట్టి నాకు తెలియలేదు. మా ఊళ్ళో ఇంటింటికీ తిరిగి సూదులేసే ఆర్.ఎం.పి. డాక్టరు గారు ఆయనకి చిన్నప్పటి స్నేహితుడు. మొదటిసారి పడటానికి కొన్ని రోజుల ముందు ఆయనిచ్చిన బిళ్ళ. రాత్రి పడుకునేముందు వేసుకోమన్నారట. రాత్రి నేను చూస్తానని, మొదట్నుంచీ పొద్దున్నే వేసుకుంటున్నారట, ఇప్పుడు మిగతావాటితో కలిపి. దాచడానికి అంతకంటే మంచి చోటు దొరకలేదట, బిళ్ళల మధ్య బిళ్ళని ఎవరు వెతుకుతారని. రాజమండ్రికి అంత తేలిగ్గా ఒప్పుకున్నదీ అందుకేనట, భీమవరంలో అయితే ఈ సంగతి బయటపడుతుందని.

"నాకు చెప్తే ఏమయ్యేదండీ?" అన్నాను. రెండేళ్ళు! పక్కనే పడుకుని రెండేళ్ళు ఆ బాధ ఒక్కరే పడ్డారు.

"బాగోదు కదే" అన్నారు.

డాక్టరమ్మ ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి బీపీ చూశారు. నూట నలభై. లేపి నిలబెట్టి చూశారు. తొంభై అయిదు. ఆ అంకె ఆవిడ చదువుతుండగానే మా ఆయన పక్కకి ఒరిగారు. ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టి, "ఇదిగోనమ్మా మీ జబ్బు" అని నాకే చూపించారు. ప్రోస్టేటుకి వాడే ఆ బిళ్ళ లేచి నిలబడగానే బీపీ పడేస్తుందట. దానికి తోడు మూడు బీపీ బిళ్ళలు. అన్నీ పొద్దున్నే ఒకేసారి మింగి, తిన్నగా వెళ్ళి సన్నటి గట్టెక్కుతున్నారు మా ఆయన. చెవిలో లేదు, మెడలో లేదు. పెట్టెలో ఉంది.

రెండు మందులు ఉంచి మిగతావి తీసేశారు. ప్రోస్టేటు బిళ్ళ పడుకునేముందే అన్నారు, అదీ నా చేత్తోనే ఇవ్వమన్నారు. "రెండు వారాలాగి రండి. కౌంటర్లో నా పేరే చెప్పండి."

"అలా ఒకళ్ళ దగ్గరికే వస్తామని అడగొచ్చా అండి?" అన్నాను.

"అడగొచ్చండి. ఎంతమందిమున్నా, మిమ్మల్ని చూసుకునేది ఒకళ్ళుండాలి కదా."

ఇన్ని నెలలు ఆ మాట మాకెవరూ చెప్పలేదు. మేమూ గట్టిగా అడగలేదు. ఫలానా డాక్టరే కావాలని అడిగితే మిగతావాళ్ళు నొచ్చుకుంటారనుకున్నాం.

ఆ రెండు వారాల్లో ఆయన ఒక్కసారి కూడా పడలేదు. నేను మాత్రం రోజూ వీధరుగు మీద కూర్చుని, ఆయన తిరిగొచ్చేదాకా రోడ్డు చూస్తూనే ఉన్నాను. చెప్పిన రోజుకి వెళ్ళాం. పేరు చెప్పి అడిగాం. ఆవిడ దగ్గరికే పంపారు.

"ఎలా ఉన్నారండి?"

మా ఆయన చేతులు వాటంతటవే లేచాయి. "మీ దయ…" అని ఆగారు. చేతులు దించేశారు.

"ఇప్పుడు కళ్ళు తిరగట్లేదండి. కానీ మొదటిసారి పడ్డప్పుడు చాలా భయమేసిందండి. పోతానని కాదండి. ఈవిడ పదకొండింటికి క్యారేజీ పట్టుకుని వస్తుందండి. ఆ టైముకి నేను నీళ్ళలో ఉంటే, ఈవిడకి ఈత రాదండి. వెనకాముందూ చూడకుండా దూకేస్తుందండి. అందుకని చెరువు దగ్గరికే రావొద్దన్నానండి."

నాకు ఆ పదిహేను రోజుల నెయ్యి గుర్తొచ్చింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగారు. "దూకేవారా అమ్మా?"

"మరి క్యారేజీ పట్టుకుని నిలబడి చూస్తానా అండి?" అన్నాను. కోపంగానే అన్నాను. ఆవిడ తలవంచుకుని ఫైల్లో ఏదో రాశారు. ఏం రాశారో చదువుదామంటే నాకు కళ్ళు కనపడలేదు.

మర్నాడు పదకొండింటికి క్యారేజీ పట్టుకుని గట్టెక్కాను. ఆయన మకాం గుమ్మంలో నిలబడి, నేను వచ్చేదాకా నా పాదాల వైపే చూస్తూ ఉన్నారు.